శాఖ ఎందుకున్నట్టు?

ఇస్త్రీ అక్క గొంతు పుట్టుకతోనే బొంగురు. చిన్నప్పుడు ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్ళు "బాబూ, అమ్మకివ్వు" అనేవాళ్ళు. బళ్ళో పాటల పోటీకి పేరిస్తే టీచరు నవ్వాపుకోలేక, "నువ్వు చప్పట్లు కొట్టమ్మా, తాళం బాగా వేస్తావు" అంది. ఆ రోజు నుంచి నలుగురిలో నోరు విప్పాలంటే ఆవిడకి మొహమాటం. పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ కూతురు కాలేజీకి వచ్చింది. మొహమాటం మాత్రం ఎక్కడికీ పోలేదు. లాండ్రీ కౌంటరు దగ్గర పొద్దస్తమానం మనుషుల మధ్యే ఉన్నా "రేపు సాయంత్రం", "ఈ మరక పోదండీ", "గుండీ ముందే ఊడిపోయి ఉంది" అనేంతవరకే ఆవిడ మాటలు.

లాండ్రీ చినమామగారిది. మోకాళ్ళు పట్టేశాక ఆయన పేరుకి మాత్రమే యజమాని, పనంతా అక్కదే. బట్ట లోపలికి రాగానే ముందు జేబులు వెతకాలి. తర్వాత గుడ్డపీలిక మీద చెరగని సిరాతో నంబరు వేసి, కాలరు లోపలో చేతి మడతలోనో పిన్నుతో గుచ్చాలి. వెనక గదిలో బాయిలరు ఒకటే రొద. ఆవిరి ప్రెస్సు నొక్కినప్పుడల్లా పాము బుస కొట్టినట్టు చప్పుడు. వేసవిలో ఆ గదిలో పావుగంట నిలబడితే మనిషి కూడా మడతలు పోయి చదునైపోతాడని అక్క భర్త హాస్యమాడేవాడు. ఆయన లిఫ్టు మెకానిక్. ఇంట్లో ఉన్న కాస్త సేపూ అందరినీ నవ్విస్తూ ఉండేవాడు.

కాలేజీలో ఏదో ఒక సేవ చెయ్యాలన్నారని, తన ఫోన్లో చోటు లేదని, కూతురు ఒకరోజు అమ్మ ఫోన్లో 'చదివిపెట్టు' అనే యాప్ వేసింది. చూపు లేనివాళ్ళు, చూపు ఆననివాళ్ళు చేతిలో ఉన్న కాగితమో సీసానో ఫొటో తీసి అందులో పంపుతారు. ఎక్కడో ఉన్న ఎవరో ఒకరు దాన్ని చదివి, గొంతు రికార్డు చేసి తిప్పి పంపుతారు. పంపిందెవరో చదివేవాళ్ళకి తెలియదు, చదివిందెవరో పంపినవాళ్ళకి తెలియదు. కూతురు కొన్నాళ్ళు చదివి, మార్కులు పడగానే ఆ సంగతే మర్చిపోయింది. యాప్ అమ్మ ఫోన్లోనే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం ప్రెస్సు పక్కన ఫోను టింగుమంది. చూస్తే రెండు సీసాల ఫొటో. కింద ఒక మగ గొంతు: "వీటిల్లో తలకి రుద్దుకునేదేది, నేల తుడిచేదేది?" అక్కకి కంగారు పుట్టింది. కూతురు రావడానికి ఇంకా చాలాసేపుంది. ఈలోగా ఆ పెద్దమనిషి నేల మందు నెత్తిన పోసుకుంటే? ప్రెస్సు బుసల మధ్య ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "ఎడమ పక్కది షాంపూ అండీ. కుడి పక్కది నేలకి. కుడి పక్కది తలకి వద్దండీ బాబూ!" అని అరిచినట్టే చెప్పింది. కాసేపటికి జవాబొచ్చింది. "థాంక్స్ బాబూ. నిన్న నేలంతా ఎందుకంత నురగొచ్చిందో ఇప్పుడర్థమైంది."

అక్క ఒక్కతే నిలబడి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. 'బాబూ' అనిపించుకున్నా మనసు చివుక్కుమనకపోవడం అదే మొదటిసారి. ఆ మర్నాటి నుంచి యాప్ ఆవిడదే అయిపోయింది. మందు సీసాలు, బస్సు వేళలు, మనవరాలు గీసిన బొమ్మ, మిక్సీతో వచ్చిన పుస్తకం, ఏదొస్తే అది చదివేది.

ఇంట్లో అత్తయ్యకి ఇది కొరుకుడు పడలేదు.

"జీతం ఇస్తారా?"

"లేదత్తయ్యా."

"పోనీ పుణ్యమా?"

"ఏమో అత్తయ్యా, ఆ లెక్కన చెయ్యట్లేదు."

"మరెందుకే చెయ్యడం?"

"పోనియ్యవే అమ్మా, నాతో మాట్లాడకపోయినా ఎవరో ఒకరితో మాట్లాడుతోంది కదా" అని భర్త అడ్డుపడ్డాడు.

ఇదిలా ఉండగా ఒకరోజు యాప్‌లో ఓ కబురొచ్చింది. మీ ఊళ్ళో ఇంకొందరు చదివేవాళ్ళున్నారు, వాళ్ళంతా కలిసి స్థానిక శాఖ పెట్టుకుంటున్నారు, ఇష్టమైతే రండి అని. పెడుతున్నది హెడ్మాస్టారు. ఊళ్ళో సగం మందికి చదువు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక ఒంటరిగా ఉంటాడు. ఆయన చొక్కాలు చాలా ఏళ్ళుగా అక్క దుకాణానికే వస్తాయి. మాస్టారు పిలిచాక రానంటే బాగోదని అక్క వెళ్ళింది.

కలుసుకునేది బేకరీ మీద గదిలో. మూల పిండి బస్తాలు, మధ్యలో బల్ల, చుట్టూ ఒకదానితో ఒకటి పొంతన లేని కుర్చీలు. బేకరీ నడిపే ఆయన్ని అందరూ బాబాయి అనేవాళ్ళు. ఆయన కూడా చదివేవాడే. ఇంకా పెద్దాసుపత్రిలో పనిచేసే నర్సమ్మ, ఇన్సూరెన్సు ఏజెంటు, అడపాదడపా వచ్చిపోయే మరో ముగ్గురు నలుగురు. వేడి బన్నులు తినేవాళ్ళు, టీ తాగేవాళ్ళు, ఈ నెల ఏమేం చదివారో చెప్పుకునేవాళ్ళు. తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. చదివే పని ఎవరింట్లో వాళ్ళు ఎప్పుడో చేసేశారాయె. ఇక్కడ కలిసి చెయ్యాల్సిందేమిటో ఎవరికీ అంతు పట్టేది కాదు. అయినా మానకుండా వచ్చేవాళ్ళు.

అలా సాఫీగా సాగిపోతున్న శాఖ నెత్తిన, యాప్ నడిపే ప్రధాన సంఘం నుంచి ఒక ఉత్తరువు వచ్చి పడింది. మాస్టారు తన ఫోను అక్క చేతిలో పెట్టి, "నువ్వు చదువమ్మా, నీ గొంతు గదంతా వినబడుతుంది" అన్నాడు.

అక్క చదివింది. "ప్రతి స్థానిక శాఖా తాను ఎందుకు ఉన్నదో రెండు వాక్యాల్లో నిర్వచించి వచ్చే నెలాఖరులోగా పంపవలెను. పంపని శాఖలను రద్దు చేయగలము."

గదిలో బన్ను నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

ముందుగా తేరుకున్నది ఏజెంటు. "దీనికంత ఆలోచనెందుకు? నేను రాసేస్తాను. సమాజ సాధికారత, సర్వజన సౌభ్రాతృత్వం, సమగ్ర..."

"రెండు వాక్యాలన్నారండీ" అంది నర్సమ్మ.

"రెండే. ఒక్కొక్కటి ఒక పేజీ వస్తుంది."

మాస్టారు చెయ్యెత్తి ఆపాడు. "ఇస్త్రీ అమ్మాయి రాస్తుంది."

"నేనా!" అంది అక్క. "నాకేం తెలుసు మాస్టారూ? నేనొచ్చి నిండా ఏడాది కాలేదు."

"నువ్వైతే అక్కర్లేని మాట రాయవు. కౌంటరు దగ్గర చూస్తున్నాగా. వచ్చే సమావేశానికి పట్టుకురా."

అంతే, ఎవరూ కాదనలేదు. ఎవరైనా కాదంటే బాగుండునని అక్క ఒక్కతే అనుకుంది.

తనకి తెలియదు కాబట్టి తెలిసినవాళ్ళని అడుగుదామని బయల్దేరింది. ఏజెంటు సూటు ఇస్త్రీకి తెచ్చినప్పుడు అడిగితే ఆయన కౌంటరు మీద వాలి, "కనబడాలి చెల్లెమ్మా! మనమున్నామని ఊరికి తెలియాలి. బ్యానర్లు కట్టాలి, ఊరేగింపు తియ్యాలి, ఫొటోలు రావాలి. లేకపోతే మనం ఉన్నా లేనట్టే" అన్నాడు. నిజమే కదా అనిపించింది. అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు నర్సమ్మని అడిగింది. నర్సమ్మ సెలైన్ సీసా మారుస్తూనే నిలదీసినట్టు చెప్పింది. "ఎక్కడో ఉన్నవాడికి ఫోన్లో చదువుతాం. పక్కింట్లో చూపు లేక అవస్థపడేవాడి తలుపు మాత్రం తట్టం. మనకి సిగ్గనిపించాలా వద్దా? ఇంటింటికీ వెళ్ళి ఎవరికి చూపు లేదో కనుక్కోవాలి. శాఖంటే దానికే." అసలు సంగతి ఇదే, అనవసరంగా బుర్ర బద్దలు కొట్టుకున్నాననుకుంది అక్క. తీరా ఇంటికెళ్తూ బేకరీ దగ్గర రొట్టె కొంటూ అడిగితే బాబాయి, "నేను వారమంతా పిండితోనే మాట్లాడతానమ్మా. అది ఎదురు చెప్పదు. నెలకోసారి ఎదురు చెప్పే మనుషుల్ని చూడ్డానికొస్తాను. ఇంకో కారణం కావాలంటే వెతకాలి" అన్నాడు. అదీ నిజమే.

ఎవరి మాట వింటుంటే వాళ్ళదే రైటనిపించేది. బిల్లుల వెనక రాయడం, కొట్టెయ్యడం. ఏజెంటు మాట రాస్తే అబద్ధంలా ఉండేది, బాబాయి మాట రాస్తే ఇందుకోసం ఒక శాఖా అని నవ్వుతారనిపించేది. ఉన్నంతలో నర్సమ్మదే నయమనిపించింది. 'ఈ ఊళ్ళో చూపు లేనివారిని వెతికి, వారి ఇళ్ళకు వెళ్ళి' అని మొదలుపెట్టింది. ఆ వాక్యం పూర్తి కాకుండానే ఫోను టింగుమంది.

సూప్ పొట్లం ఫొటో. పంపినవాళ్ళకి గురి కుదరనట్టుంది, పొట్లం సగమే పడింది. మిగతా సగం బల్లా, బల్ల మీద చెయ్యీ. మాటేమీ లేదు. ఊరికే ఫొటో పంపారంతే. అక్క అలవాటుగా గొంతు సవరించుకుని చదివింది. "కప్పున్నర నీళ్ళు మరిగించి, పొడి వేసి, ఉండ కట్టకుండా కలుపుతూ అయిదు నిమిషాలు ఉంచాలండీ. ఉప్పు అందులోనే ఉంది, మళ్ళీ వెయ్యక్కర్లేదు." పంపేసింది. తర్వాత, అడుగున ఇంకా సన్నటి అక్షరాలేవో ఉన్నాయే, వదిలేశానేమోనని ఫొటో పెద్దది చేసింది. వేలు జారి బొమ్మ చేతి వైపుకి జరిగింది.

నీలం గీతల చొక్కా. మణికట్టు దగ్గర మడతలో పిన్నుతో గుచ్చిన గుడ్డపీలిక. దాని మీద నంబరు. అందులో ఏడంకె నడుముకి అడ్డగీత. అలా గీత పెట్టేది ఆ దుకాణంలో అక్క ఒక్కతే. ఆ చొక్కా నిన్ననే మడత పెట్టి, కవర్లో వేసి, హెడ్మాస్టారి చేతికిచ్చింది.

అక్క ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. మళ్ళీ తీసి చూసింది. అదే చొక్కా. మళ్ళీ బోర్లా పెట్టింది. మాస్టారేమిటి, చదివించుకోవడమేమిటి? ఆయన శాఖకి పెద్ద కదా. పిన్ను తియ్యకుండా చొక్కా తొడుక్కున్నాడంటే అది కనబడలేదనేగా. సమావేశంలో ఫోను తన చేతికివ్వడం, బిల్లు చూడకుండానే జేబులో పెట్టుకోవడం, ఎదురుపడితే మనం పలకరించేదాకా పలకరించకపోవడం, వీటిని పెద్దరికం అనుకుంది తను. ఒక్కొక్కటీ ఇప్పుడు వేరేగా కనబడసాగింది.

ఇంకో చిక్కుంది. ఎవరికి చదివినా ఒక థాంక్స్ వచ్చేది. ఈసారి 'విన్నారు' అన్న గుర్తు పడింది. అంతే, ఇంకేమీ రాలేదు. ఊళ్ళో ఇంత బొంగురు గొంతు ఇంకెవరికుంది? ఆయనకి తెలిసిపోయింది. తనకి తెలిసిందని ఆయనకి తెలుసా? తెలియదేమో. తెలియదని తను నమ్మొచ్చా? అక్క ఆ ధ్యాసలోనే, ఎదురుగా వచ్చి నిలబడిన ఖాతాదారుకి ఎవరిదో కోటిచ్చి పంపేసి, మళ్ళీ వీధిలోకి పరుగెత్తి తెచ్చుకుంది.

ఆ సాయంత్రం వంటింట్లో భర్తని అడిగింది. "ఒక మనిషి ఒక సంగతి దాచుకుంటున్నాడనుకో. మనకి అనుకోకుండా తెలిసింది. తెలిసిందని చెప్పాలా, తెలియనట్టుండాలా?"

ఆయన చేతులు తుడుచుకుంటూ కాస్త ఆలోచించాడు. "లిఫ్టు మధ్యలో ఆగిపోయిందనుకో. లోపలున్నవాళ్ళు అడిగే మొదటి మాట తలుపు తియ్యమని కాదు. బయట ఎవరైనా ఉన్నారా అని. ఉన్నానండీ అంటే సగం కుదుటపడతారు."

"అంటే చెప్పమంటావా?"

"కొందరు అడగరు. లోపల కిమ్మనకుండా కూచుంటారు. వాళ్ళకి చెప్తే, మేమేం ఇరుక్కోలేదు, ఊరికే నిలబడ్డాం అంటారు."

"అంటే చెప్పొద్దంటావా?"

"నేను లిఫ్టు గురించి చెప్తున్నా. ఇంతకీ దాచుకుంటున్నదెవరు? నేనేనా?"

నవ్వొచ్చింది గానీ దారి మాత్రం దొరకలేదు.

ఆ వారం మాస్టారు దుకాణానికి రాలేదు. ఆయన మిగతా బట్టలు కడ్డీకి వేలాడుతూనే ఉన్నాయి. జలుబు చేసిందట, వచ్చే సమావేశానికి రారేమోనని నర్సమ్మ చెప్పింది. జలుబు సంగతి అక్క నమ్మలేదు. ఆదివారం దుకాణం కట్టేశాక బట్టలు చేతికి తగిలించుకుని ఆయన ఇంటి మెట్లెక్కింది. ఏమనాలో మెట్టుకొకటి అనుకుంది. తలుపు తెరుచుకునేసరికి అన్నీ ఎగిరిపోయాయి.

"మాస్టారూ, బట్టలు తెచ్చాను."

"నువ్వా అమ్మా. లోపలికి రా. ఆ మంచం మీద పెట్టు."

గది నీటుగా ఉంది, నడిచే దారిలో ఒక్క వస్తువు లేదు. కుర్చీలన్నీ గోడ వారన. వంట అరలో డబ్బాలకి రబ్బరు బ్యాండ్లు, ఒకదానికి ఒకటి, ఒకదానికి రెండు, ఒకదానికి మూడు. అక్క వాటి వైపు చూసి చప్పున తల తిప్పేసుకుంది, ఆయన తన చూపు పట్టేస్తాడన్నట్టు. ఏదో ఒకటి అనాలని అక్క నోరు జారింది.

"సూప్ బాగా కుదిరిందా మాస్టారూ?"

అనేసి నాలుక్కరుచుకుంది. మాస్టారు మెల్లిగా, "నీళ్ళెక్కువయ్యాయి. కప్పున్నర అన్నావు. నా కప్పు పెద్దది" అన్నాడు.

అక్కకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "పొట్లం మీద కప్పు సైజు రాయలేదండీ."

"రాయరు. నాకు తెలుసు." ఆయన గోడ పక్క కుర్చీ తడుముకుని కూచున్నాడు. "చూపు మధ్యలోంచి పోతోందమ్మా. అంచులు మిగిలాయి. నిన్నిప్పుడు చూస్తే నీ భుజాలు కనబడతాయి, మొహం ఉండదు. ఇక తిరిగి రాదన్నారు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఈ ఊళ్ళో ఎవరికే కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చి చదివించుకునేవాళ్ళు. కోర్టు కాగితాలు, ఉద్యోగం కాగితాలు, ప్రేమలేఖలు కూడా. ఇప్పుడు నేను వాళ్ళింటికెళ్ళి సూప్ పొట్లం చదివిపెట్టమనాలా? ఆ యాప్‌లో ఐతే ఎవరో ఒకరు. నేనెవరో వాళ్ళకి తెలియదు. చదివి వెళ్ళిపోతారు. అక్కడ మొహం చెల్లకపోవడమంటూ ఉండదు."

అక్క తెగించి అడిగింది. "మరి శాఖ ఎందుకు పెట్టారు మాస్టారూ? ఎవరికీ తెలియకూడదనుకున్నవాళ్ళు ఊళ్ళోవాళ్ళందరినీ పిలిచి పక్కన కూచోబెట్టుకుంటారా?"

"అదే నాకూ తెలియదు." ఆయన తల అడ్డంగా ఊపాడు. "తెలిస్తే నిన్నెందుకు రాయమంటాను? ఎవరో ఒకరు, ఎవరో ఒకరు అని రోజూ వింటున్నాను కదా. ఆ ఎవరో ఒకరు ఎలాంటి మనుషులో దగ్గర్నుంచి చూడాలనిపించింది. చూడ్డమంటే... సరే, చూడ్డమే అనుకో."

"నర్సమ్మ ఇంటింటికీ వెళ్దామంటోంది."

"ఆవిడ మంచిది. నా ఇంటికి మాత్రం రావద్దను." వెంటనే మళ్ళీ అన్నాడు, "ఎవరో చదివితే అది చదవడం. పక్కింటివాళ్ళు చదివితే సాయం. సాయం చేసినవాళ్ళు మర్నాడు మెట్ల మీద ఎదురై సూప్ ఎలా ఉందని అడుగుతారు."

అక్క మొహం కందిపోయింది. "తప్పైపోయింది మాస్టారూ."

"తప్పని ఎవరన్నారు? నువ్వడిగాక ఎందుకో తేలిగ్గా ఉంది. అదెలా అని అడక్కు. ఆ మాట అడిగితే నీతో మాట్లాడను."

తర్వాత ఆయన హుషారుగా చదివేవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. ఒకావిడ పసిపిల్లలకి చెప్పినట్టు సాగదీస్తుందట. ఒకడు చదివినంతసేపూ నిట్టూరుస్తాడట, ఈయన ఎప్పుడో పోయినట్టు. మందు కాగితం పంపితే ఇంకొకాయన మందు సంగతి వదిలేసి, ఉప్పు తగ్గించండి, పొద్దున్నే నడవండి అన్నాడట. "నేనడిగానా? నాకు సలహా అక్కర్లేదు. కాగితం మీద ఏముందో అది కావాలి. విసుగ్గా ఉన్న ముక్కలు వదిలేస్తారు. విసుగ్గా ఉందో లేదో నేను కదా చెప్పాలి?"

"నేనూ సన్నటి అక్షరాలు వదిలేశాను" అంది అక్క చిన్నబోయి.

"వదిలేశావు. ఏముందక్కడ?"

"చల్లని పొడి ప్రదేశంలో ఉంచమని."

"చూశావా, పొయ్యి పక్కన పెట్టాను."

వెళ్ళేముందు అక్క తెచ్చిన చొక్కాల పిన్నులన్నీ ఒక్కొక్కటీ తీసి, పీలికలు గుప్పిట్లో పోగుచేసుకుంది. "ఇక మీదట ఇవి తీసేసే ఇస్తాను."

"తియ్యి. మణికట్టు దగ్గర రోజంతా గుచ్చుకుంటోంది, ఏమిటో అంతు పట్టలేదు" అన్నాడు మాస్టారు. ఎవరికీ చెప్పొద్దని ఆయన అనలేదు. చెప్పనని అక్కా మాటివ్వలేదు. మెట్లు దిగుతుంటే, ఎక్కేటప్పటి కంటే బుర్ర ఎక్కువ గందరగోళంగా ఉంది. ఆయనకి మనుషులు దగ్గర ఉండాలా, దూరంగా ఉండాలా? రెండూనా? రెండూ ఒకే వాక్యంలో ఎలా పడతాయి?

సమావేశం రోజు జలుబు తగ్గిందంటూ మాస్టారు వచ్చి తన కుర్చీలో కూచున్నాడు. ఏజెంటు అచ్చు వేయించిన కాగితం తెచ్చాడు. నర్సమ్మ వీధులు పంచుకుందామని సిద్ధపడి వచ్చింది. అక్క బిల్లు వెనక రాసుకున్నది తీసింది. చదవడం మొదలుపెట్టింది.

"ఈ ఊళ్ళో చదివిపెట్టేవాళ్ళం కలుసుకుని, ఒకరికొకరం చదివి వినిపించుకుని, ఎలా చదివితే వినేవాళ్ళకి పనికొస్తుందో నేర్చుకుంటాం. మాకు పంపేవాళ్ళెవరో మేం వెతకం, వాళ్ళంతట వాళ్ళొస్తే కుర్చీ జరుపుతాం."

"ఇందులో సమాజం ఎక్కడుంది?" అన్నాడు ఏజెంటు.

"వెతకం అంటే ఎలా?" నర్సమ్మ గొంతు లేచింది. "రోజూ చూస్తున్నాను. కాగితం చేత్తో పట్టుకుని ఎవరిని అడగాలో తెలియక గోడకానుకుని నిలబడతారు. వాళ్ళని అలా వదిలేద్దామా?"

అక్క బిల్లు మడిచేసింది. "వదలొద్దు. నువ్వు చెప్పేది నిజమే. కానీ దాచుకునేవాళ్ళ తలుపు కూడా తడతాం కదా అని... నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఇంతవరకే వచ్చింది నాకు."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆయన తన సంగతి చెప్పేస్తాడేమో అనుకుంది అక్క. ఆయన, "ఆసుపత్రిలో అడిగినవాళ్ళకి నర్సమ్మ చదవడానికి ఈ వాక్యం ఏమీ అడ్డు రాదు. ముందు మనకి చదవడం వచ్చో రాదో చూద్దాం. బాబాయ్, ఒక బిస్కెట్ ప్యాకెట్టివ్వు. అందరూ కళ్ళు మూసుకోండి" అన్నాడు.

ఒకరు చదవాలి, మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని వినాలి. ఏజెంటు మైదా, చక్కెర అన్న మాటల్ని ఎన్నికల్లో గెలిచినవాళ్ళ పేర్లలా చదివాడు. నర్సమ్మ గబగబా చదివి సగం మింగేసింది. బాబాయి తన సరుకే కాబట్టి ప్యాకెట్టు చూడకుండానే అప్పజెప్పి, లేని జీడిపప్పు కూడా కలిపాడు. "ఎప్పటిలోగా తినాలో ఒక్కరూ చెప్పలేదు" అన్నాడు మాస్టారు. అప్పుడు చూస్తే ఆ ప్యాకెట్టు గడువు ఎప్పుడో దాటిపోయింది. బాబాయి లాక్కుని దాచేశాడు. నర్సమ్మ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. ఎవరూ చేతులెత్తి ఒప్పుకోలేదు గానీ అక్క రాసిన రెండు వాక్యాలే వెళ్ళాయి. పంపుతూ పంపుతూ ఏజెంటు చివర 'జై సమాజం' అని చేర్చాడు.

కొన్నాళ్ళకి జవాబొచ్చింది. "మీ ఉద్దేశం అందినది. సంతోషం. అయితే ఇది కొలుచుటకు వీలుగా లేదు. ఈ సంవత్సరం మీరు ఎన్ని కుర్చీలు జరుపగలరో తెలియజేయండి."

అక్క ఆ ముక్కని మూడుసార్లు చదివింది, తను సరిగా చదవలేదేమోనని. ఏజెంటుకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. గదిలో ఉన్న కుర్చీలన్నీ లెక్కపెట్టి, విరిగినదాన్ని కూడా కలిపి పంపాడు. శాఖ రద్దు కాలేదు.

ఆ తర్వాత నెలనెలా అదే పని. ఒకరు చదవడం, మిగతావాళ్ళు కళ్ళు మూసుకోవడం, మాస్టారు తప్పులు పట్టడం. అందరి కళ్ళూ మూసి ఉన్న ఆ కాసేపూ ఆయన మొహం హాయిగా ఉండేది. అది చూడ్డానికని అక్క ఒక కన్ను తెరిచేది. ఒకసారి అలా తెరిస్తే ఎదురుగా నర్సమ్మ కన్ను కూడా తెరిచే ఉంది, మాస్టారి వైపే. ఇద్దరూ గభాల్న మూసుకున్నారు. తనని చూసి నర్సమ్మ చూసిందో, ముందు నుంచీ చూస్తోందో అక్కకి తెలియలేదు.

ఆ రోజే మెట్లు దిగుతుంటే బాబాయి కింద నుంచి, "మాస్టారూ, ఆఖరి మెట్టు" అన్నాడు మామూలుగా. మాస్టారు కాలు సర్దుకుని దిగి వెళ్ళిపోయాడు.

అక్క ఆగిపోయింది. "బాబాయ్, నీకూ తెలుసా?"

"ఏం తెలుసా?"

"అదే... మాస్టారి..."

బాబాయి వింతగా చూశాడు. "ఆ మెట్టు అంచు విరిగింది కదమ్మా. అందరికీ చెప్తాను. పోయిన నెల నీక్కూడా చెప్పాను."

అక్క వంగి చూసింది. మెట్టు నిజంగానే విరిగి ఉంది. చెప్పాడేమో, తనకి గుర్తు లేదు. బాబాయి మొహం చూస్తే తెలిసినట్టూ ఉంది, తెలియనట్టూ ఉంది. ఇంకో మాట అడిగితే ఉన్న గుట్టు తనే బయటపెట్టినట్టవుతుందని, రెండు రొట్టెలు కట్టమని, అవి తీసుకుని ఇంటిదారి పట్టింది. మలుపు దగ్గర మాస్టారు గోడ పక్కగా నడుస్తూ కనబడ్డాడు. పలకరించాలా, దాటి వెళ్ళిపోవాలా అని కాసేపు తటపటాయించింది. చివరికి పలకరించకుండానే, తన అడుగుల చప్పుడు ఆయనకి వినబడేటంత దగ్గరగా, ఆయన వెనకాలే నడిచింది.